సారథిగారికి తాళంచెవి

మొన్న మంగళవారంనాడు పోస్టుమాను ఒక కవరు తెచ్చి ఇచ్చేడు. విప్పి చూస్తే అరచేతికంటె చిన్న కార్డు ఒకటి, దాని మీద మావాడి ఫొటో. ఫొటోలో మావాడు మామిడికాయలు కోస్తూ పట్టుబడ్డవాడిలా ఉన్నాడు గాని, ఇంట్లో మాత్రం పట్టాభిషేకం అయినవాడిలా తిరిగేడు. మామ్మకి చూపించేడు. వాళ్ళమ్మకి చూపించేడు. పక్కింటి పిన్నిగారిని పిలిచి మరీ చూపించేడు. ఇంజనీరింగులో సీటు వచ్చిన రోజున కూడా మా ఇంట్లో ఇంత హడావుడి జరగలేదు.

సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చి చెప్పులు విడుస్తూండగానే సంగతి బయటపెట్టేడు.

"నాన్నా, శనివారం రాత్రి కారు కావాలి. మేం అయిదుగురం అన్నవరం వెడదామనుకుంటున్నాం. రెండింటికల్లా బయలుదేరితే తెల్లారేసరికి దర్శనం అయిపోతుంది."

మాది రాజమండ్రి. అన్నవరం ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. రోడ్డు జాతీయ రహదారి, విశాలమైనది. వెళ్ళేది సత్యదేవుని దర్శనానికి. చేతిలో ప్రభుత్వంవారు ఇచ్చిన లైసెన్సు. వయస్సు పద్ధెనిమిది నిండి నాలుగు నెలలైంది. కాదనడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు. అవుననడానికి నోరు రాలేదు. అందుచేత "రేపు చెబుతాను" అన్నాను. తండ్రులందరికీ తాతలనాటినుంచి సంక్రమించిన ఆయుధం ఇది.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అప్పుడు ఆలోచించిన సంగతులే ఈ వారం మీ ముందు పెడుతున్నాను. ఈ పేజీ చదివే ఇళ్ళల్లో సగం ఇళ్ళల్లోనైనా పద్ధెనిమిదేళ్ళు నిండినవారో, నిండబోతున్నవారో ఉంటారు కదా! వారు ఇవాళ కాకపోతే రేపు తాళంచెవి కోసం చెయ్యి చాపుతారు.

ముందు ఈ మాట సంగతి చూద్దాం. తెలుగు పాఠాలు చెప్పేవాడికి మాట దగ్గర ఆగకపోతే తోచదు. లైసెన్సు అనే మాటకు మూలం లాటిను భాషలో ఉంది. "అనుమతి ఉండడం" అని దాని అర్థం. అంతకు మించి అందులో యేమీ లేదు. ప్రతిభ అని లేదు, పాండిత్యం అని లేదు. మనవాళ్ళు మాత్రం దాన్ని బి.ఏ. పట్టాలాగ చూస్తారు. పట్టా అంటే నేర్చుకోవడం అయిపోయిందని చెప్పే కాగితం. లైసెన్సు అంటే ఇక నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చునని చెప్పే కాగితం. కవులకు అంకుశం లేదని మన పెద్దలు ఒక వెసులుబాటు ఇచ్చేరు. అది కవులకే. కవి అదుపు తప్పితే పద్యం పాడవుతుంది. బండి నడిపేవాడు అదుపు తప్పితే పాడయ్యేది పద్యం కాదు.

ఇంత ధర్మోపన్యాసం చేస్తున్నాను గాని, నేను చేసిన తప్పు చెప్పకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు అర్హత లేదు.

రెండేళ్ళ క్రితం మాట. అప్పుడు మావాడికి పదహారు. ఒక ఆదివారం మధ్యాహ్నం విస్తళ్ళ ముందు కూర్చున్నాక పెరుగు తోడుకోలేదని తెలిసింది. మామ్మకి పెరుగు లేకపోతే ముద్ద దిగదు. "సందు చివర కొట్టే కదా, స్కూటరు మీద ఒక్క క్షణంలో తెస్తాను" అన్నాడు మావాడు. తాళంచెవి నా జేబులోనే ఉంది. తీసి ఇచ్చేను. ఇచ్చేటప్పుడు "జాగ్రత్త" అన్నాను. మన దేశంలో తండ్రులు చెప్పే రోడ్డు భద్రతా పాఠం యావత్తూ ఆ మూడక్షరాల్లోనే ఉంది.

సందు మలుపులో ఒక ఇస్త్రీబండి ఉంటుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె. దాన్ని నడిపే పెద్దాయన మా వీధివాళ్ళ బట్టలు ఇరవై యేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాడు. మావాడు మలుపు తిరుగుతూ ఎదురుగా ఆటో కనిపించేసరికి బ్రేకు బదులు యాక్సిలరేటరు తిప్పేడు. స్కూటరు పోయి ఇస్త్రీబండికి తగిలింది. బండి పెద్దాయన కాలి మీద ఒరిగింది. నిప్పులు నేలపాలయ్యేయి. మావాడికి మోచెయ్యి గీరుకుంది. ఆయనకు పాదం యెముక విరిగింది. ఆరువారాలు కట్టుతో మంచం మీద ఉన్నాడు.

ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నాను. ఆరువారాల సంపాదన ఇచ్చుకున్నాను. అదేమీ గొప్ప కాదు. ఒకరోజు చూడడానికి వెళ్ళి, "కుర్రాడు తెలియక చేసేడు, మనసులో పెట్టుకోకండి" అన్నాను. ఆయన మెల్లిగా అన్నాడు: "కుర్రోడికేం తెలుస్తుందండీ, ఆయ్. తాళం ఇచ్చినోరికి తెలియాలి గాని."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి చట్టం తీసి చదివేను. అంతకుముందే చదివి ఉండవలసింది.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం నడుస్తున్నది. 1939 నాటి చట్టం స్థానంలో వచ్చింది ఇది. 2019లో దీన్ని బాగా సవరించేరు. దీని ప్రకారం పద్ధెనిమిదేళ్ళు నిండనిదే యెవరూ మోటారు బండి నడపరాదు. పదహారేళ్ళవారికి ఒక మినహాయింపు ఉంది గాని, అది 50 సి.సి.కి మించని మోటారు సైకిళ్ళకే. పెద్దవాళ్ళు రాతపూర్వకంగా అంగీకరిస్తేనే దానికైనా లైసెన్సు ఇస్తారు. మన వీధుల్లో తిరిగే స్కూటర్లు చాలామటుకు 110 సి.సి., 125 సి.సి. బళ్ళు. కనుక "స్కూటరే కదా, గేర్లు లేవు కదా" అన్న సమాధానం చట్టం దగ్గర చెల్లదు. అద్దె కారు, లారీవంటి రవాణా వాహనాలకైతే ఇరవై యేళ్ళు నిండాలి.

మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం నేరం తండ్రిదీ, బండి యజమానిదీ. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకుపోయేడు" అని తండ్రి అంటే, ఆ సంగతి తండ్రే రుజువు చేసుకోవాలి. నాకా అవకాశం కూడా లేదు. తాళం నా చేత్తో ఇచ్చేను. ఆ పెద్దాయన ఫిర్యాదు చేయలేదు గనక ఇవాళ నేను ఈ కుర్చీలో కూర్చుని వ్యాసం రాస్తున్నాను. ఇది నా గొప్ప కాదు, ఆయన మంచితనం.

ఇన్సూరెన్సు ఉంది కదా అని కొందరికి ధీమా. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వడం ఇన్సూరెన్సు షరతులను మీరడమే. దెబ్బతిన్నవారికి కంపెనీ పరిహారం కట్టినా, ఆ సొమ్ము తిరిగి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ఒక జీవితకాలం దాచుకున్న సొమ్ము ఒక పెరుగు పొట్లానికి పోయే ప్రమాదం ఉందన్నమాట.

ఆనాటినుంచి మావాడు పద్ధెనిమిది నిండేవరకు తాళం ముట్టుకోలేదు. నిండిన మర్నాడు ఎల్లెల్లార్‌కి దరఖాస్తు పెట్టేడు. ఎల్లెల్లార్ అంటే నేర్చుకునేవారి లైసెన్సు. దానికొక చిన్న పరీక్ష ఉంటుంది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తులు, నియమాలు అడుగుతారు. నూటికి అరవై వస్తే చాలు. మావాడు పరీక్ష అయి వచ్చి, "అరవై వస్తే పాసు నాన్నా" అని సంబరంగా చెప్పేడు. నేను క్లాసులో ముప్ఫయి అయిదుకి పాసు చేసే మేస్టర్ని. అయినా ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. తెలుగు వ్యాకరణంలో నలభై మార్కులు పోతే సంధి తప్పుతుంది. రోడ్డు గుర్తుల్లో ఆ పోయిన నలభై యెవరి మీదికి పోతాయి?

ఎల్లెల్లార్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చిన ముప్ఫయి రోజులు దాటాకగాని పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్ళడానికి వీల్లేదు. ఈలోగా నేర్చుకునేటప్పుడు పక్కన లైసెన్సు ఉన్నవాడు కూర్చోవాలి. అవసరమైతే బండిని ఆపగలిగేలాగ కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం కనిపించాలి. మోటారు సైకిలు మీదైతే నేర్పేవాణ్ణి తప్ప మరొకణ్ణి వెనక ఎక్కించుకోకూడదు. ఈ ముప్ఫయి రోజులూ ఊరికే గడువు కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. నేర్చుకోవడం కోసం పెట్టినవి అవి.

తరవాత అసలు పరీక్ష. స్కూటరు మీద ఎనిమిది అంకె చుట్టాలి, కాలు కింద పెట్టకుండా. కారుతో హెచ్ అక్షరం ఆకారంలో ముందుకీ వెనక్కీ పోవాలి. మనవాళ్ళు బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు అని పిలిచే అధికారి దగ్గరుండి చూస్తారు. మావాడు మొదటిసారి హెచ్‌లో రాయి గుద్ది ఫెయిలయ్యేడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాకు మాత్రం ఆ ఫెయిలు చాలా నచ్చింది. ఎందుకంటే నేను ఫెయిలు కాలేదు.

నా లైసెన్సు కథ కూడా చెప్పేస్తాను. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో, ఊరి పేరెందుకు లెండి, ఒక మధ్యవర్తి నా చేత నాలుగు సంతకాలు పెట్టించి, ఒక చెట్టు కింద నిలబెట్టి, గంటలో పాసైపోయేవన్నాడు. ఎనిమిది వెయ్యమనలేదు, తొమ్మిది వెయ్యమనలేదు. అప్పట్లో అది తెలివితేటలనుకున్నాను. తరవాత పదేళ్ళపాటు వెనక్కి పెట్టడం రాక, ఏ సందులోకి వెళ్ళినా కారు తిప్పడానికి నలుగురు పెద్దమనుషుల్ని పిలుస్తూండేవాణ్ణి. పరీక్ష తప్పించుకున్నవాడు పరీక్షను ఎగ్గొట్టలేదు, వాయిదా వేసుకున్నాడు. వాయిదా పరీక్ష నడిరోడ్డు మీద పెడతారు. అక్కడ సప్లిమెంటరీ ఉండదు.

మరి మావాడు నిజాయితీగా రెండోసారి పాసైనవాడే కదా, ఇంకా అనుమానం దేనికి? అనుమానం యేమిటంటే, ఆ పరీక్షలో అర్ధరాత్రి లేదు. వాన లేదు. రాంగు రూటులో వచ్చే ట్రాక్టరు లేదు. వెనక సీట్లో నలుగురు మిత్రులు లేరు. ముప్ఫయ్యేళ్ళలోపు లైసెన్సు తీసుకున్నవారికి అది నలభై యేళ్ళు వచ్చేవరకు చెల్లుతుంది. అంటే మావాడిని ప్రభుత్వంవారు మళ్ళీ పలకరించేది ఇరవై రెండేళ్ళ తరవాత!

మా అక్కావాళ్ళు న్యూజిలాండులో ఆక్లాండు పట్టణంలో ఉంటారు. మర్నాడు ఫోను చేసినప్పుడు ఈ ధర్మసందేహం చెప్పేను. మా మేనకోడలు అక్కడే చదువుకుని అక్కడే కారు నేర్చుకుంది. "మావయ్యా, నాకు ఒక్కసారిగా పూర్తి లైసెన్సు ఇవ్వలేదు" అంది. ఆ దేశంలో 1987లోనే మూడు మెట్ల పద్ధతి పెట్టేరుట. మొదటిది నేర్చుకునేవారిది. రెండోది షరతులది. దానితో రాత్రి పది దాటాక తెల్లవారి అయిదువరకు ఒంటరిగా నడపకూడదు. అనుభవం ఉన్న పెద్దవాళ్ళు పక్కన లేకుండా స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. ఆ మెట్టు దాటితేనే మూడోది, పూర్తి లైసెన్సు. బ్రిటనులో 1997నుంచి మరో పద్ధతి ఉంది. పరీక్ష పాసైన మొదటి రెండేళ్ళలో తప్పులకు ఆరు పాయింట్లు పడితే లైసెన్సు పోతుంది, మళ్ళీ మొదటినుంచి పరీక్షలు రాసుకోవాలి.

మనకు ఎల్లెల్లార్ మెట్టు ఒకటే ఉంది. అది దాటగానే రాత్రీపగలూ, ఒంటరిగానూ గుంపుగానూ, ఊళ్ళోనూ రహదారిమీదా ఒకటే అనుమతి. కనుక ఆ రెండో మెట్టు మన దగ్గర చట్టం కట్టలేదు. ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలి.

ఇది పిరికితనం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయేరని కేంద్రప్రభుత్వంవారి లెక్క. రోజుకు 460 మందికి పైగా. అందులో ద్విచక్ర వాహనాలమీద పోయినవారు 74,897 మంది. హెల్మెట్టు లేకుండా పోయినవారు 50,029 మంది. నూటికి డెబ్భై మరణాలకు అతివేగం కారణంగా రాసేరు. ఈ అంకెల్ని మనం పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం. ఒక్కొక్క అంకె వెనకా ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో "ఇంకా రాలేదేం?" అని గుమ్మంలో నిలబడ్డ మనిషి ఉంది.

వేగం సంగతి పిల్లలకు నీతిగా చెబితే నవ్వుతారు. లెక్కగా చెబితే వింటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దగ్గర దగ్గర 17 మీటర్లు. యెదుట ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పడుతుందనుకోండి. బ్రేకు నొక్కకుండానే 17 మీటర్లు అయిపోయేయి. ఆ తరవాత పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో ఆగడానికి మరో 20 మీటర్లు. వెరసి 37. అదే 30 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 13 మీటర్లలో ఆగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు నొక్కేక పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. సెల్‌ఫోనులో మెసేజి చూడడానికి మూడు సెకన్లు తల వంచితే, ఆ వేగంలో 50 మీటర్లు కళ్ళకు గంతలు కట్టుకుని నడిపినట్టే. చేత్తో ఫోను పట్టుకుని నడపడాన్ని చట్టం ప్రమాదకరమైన డ్రైవింగు కింద జమకట్టింది. ఊరికే కాదు.

హెల్మెట్టు సంగతి మరొకటి. అరేబియా లారెన్సు అని పేరుపొందిన ఇంగ్లీషు సైనికుడు యుద్ధాలన్నీ దాటుకుని వచ్చి, 1935లో ఇంటికి దగ్గర రోడ్డుమీద సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి మోటారు సైకిలు మీదనుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు పోయేడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు ఆయన మనసులో ఉండిపోయింది. తరవాత మోటారు సైకిళ్ళు నడిపే సైనికుల తలదెబ్బల మీద పరిశోధన చేసి 1941లో ప్రకటించేడు. ఇవాళ మన పిల్లలు జుట్టు చెదిరిపోతుందని హేండిలుకు తగిలించుకుని తిరిగే హెల్మెట్టు వెనక అంత కథ ఉంది. వెనక కూర్చున్నవారికీ అది తప్పనిసరి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పెట్టుకున్నా ఒకటే, మానినా ఒకటే.

కారులో బెల్టుదీ ఇంతే. ఇప్పుడు మనం భుజం మీదుగా నడుముకు కట్టుకునే బెల్టును 1959లో స్వీడనుకు చెందిన వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేసేడు. పేటెంటు ఉన్నా ఇతర కంపెనీలవారు కూడా వాడుకోవచ్చునని ఆ కంపెనీ వదిలిపెట్టింది. ప్రాణం నిలబెట్టేదాని మీద లాభం చూసుకోలేదు వాళ్ళు. వెనక సీటువాళ్ళు కూడా కట్టుకోవాలని మన నియమాలు చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయిన ప్రమాదంలో ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని పోలీసులు చెప్పేరు. ఎంత ఖరీదైన కారైనా కట్టుకోని బెల్టు కాపాడదు.

ఇక స్నేహితులు. భారతంలో కర్ణుడికి సారథి శల్యుడు. రథం నడుపుతూ పక్కనుంచి దెప్పి పొడిచి యోధుడి మనసు చెదరగొట్టేడు. మన కార్లలో సారథి ఒక్కడే, శల్యులు నలుగురు. "ఏమిట్రా, ఎద్దుబండిలా పోతున్నావు? వాణ్ణి దాటలేవా? కొట్టు హారను!" అంటారు. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు అమ్మ మాట దాటగలడు గాని ఈ మాట దాటలేడు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు కూడా అంతఃపురంలో ఆడవాళ్ళ యెదుటే గదా ప్రగల్భాలు పలికేడు! యుద్ధరంగంలో సేనను చూసేక రథం దిగి పరుగెత్తేడు. కాని వాడి అదృష్టం, పక్కన బృహన్నల ఉన్నాడు. పట్టుకుని వెనక్కి తెచ్చి, ధైర్యం చెప్పి, పగ్గాలు చేతికిచ్చి నిజమైన సారథిని చేసేడు. ఎల్లెల్లార్ కథ మన భారతంలోనే ఉంది. ప్రతి ఉత్తరకుమారుడికీ కొన్నాళ్ళు పక్కన ఒక బృహన్నల కావాలి.

ఇక్కడికి వచ్చేసరికి నా జవాబు నాకు దొరికింది. బుధవారం రాత్రి భోజనాలయ్యేక మావాణ్ణి పిలిచి చెప్పేను.

"అన్నవరం వెళ్ళండి. ఆదివారం ఉదయం ఆరున్నరకి, వెలుతురొచ్చేక. కారులో నీతోపాటు ఇద్దరు. మిగతా ఇద్దరూ రైల్లో రండి. పక్క సీట్లో నేను."

మావాడి మొహం వాడిపోయింది. "నామీద నమ్మకం లేదా నాన్నా?" అన్నాడు.

తల్లిదండ్రుల్ని పడగొట్టే బాణం ఇదే. మా ఆవిడ అప్పటికే పడిపోయింది. "పోనీ పంపించండి, వాడేమైనా చిన్నవాడా?" అంది వంటింట్లోంచి.

"నమ్మకం లేక కాదురా" అన్నాను. "నీకు ఎనిమిది వెయ్యడం వచ్చు, హెచ్ వెయ్యడం వచ్చు. రాత్రి లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని ఎంత దూరంనుంచి పోల్చాలో రాదు. అది యెవరూ నేర్పరు. కొన్నివేల కిలోమీటర్లు నడిపితేగాని రాదు. అందాకా ఆరు నెలలు మనింట్లో ఒక రెండో మెట్టు ఉంది. రాత్రి తొమ్మిది దాటితే బండి వద్దు. రహదారి ఎక్కితే పక్కన పెద్దవాళ్ళు. కారులో ఇద్దరికి మించి స్నేహితులు వద్దు. ఫోను వెనక సీట్లో సంచిలో. యెక్కడైనా యెవరైనా తాగినవాడు నడుపుతానంటే దిగిపోయి నాకు ఫోను చెయ్యి. ఎన్నింటికైనా వస్తాను, ఒక్క ప్రశ్న అడగను."

చివరి మాటకు మావాడు తలెత్తి చూసేడు. "నిజంగా అడగవా?"

"అడగను."

ఆ ఒక్క షరతు నాకు వర్తించేది కావడంచేత మిగిలినవన్నీ ఒప్పుకున్నాడనుకుంటాను.

ఆదివారం బయలుదేరేం. రాజానగరం దాటేసరికి నా కుడికాలు కింద లేని బ్రేకును మూడుసార్లు నొక్కింది. నోరు మాత్రం కట్టుకున్నాను. నేను బృహన్నలగా వచ్చేను గాని శల్యుడిగా కాదు కదా! జగ్గంపేట దాటేక ఒకచోట సర్వీసు రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. అటు పోవలసిన మోటారు సైకిళ్ళు రహదారి మీదికి, అందులోనూ రాంగు రూటులో వస్తున్నాయి. మావాడు ముందుగానే వేగం తగ్గించేడు. మరో చోట గేదెల మంద రోడ్డు దాటుతోంది. అవి ఎల్లెల్లార్ తీసుకోలేదు. హారను కొట్టబోయి మానేసి, ఆగేడు. ఆగిన కుర్రవాణ్ణి చూసి నాకు కలిగిన ఆనందం, వాడు తొంభైలో పోతే కలిగి ఉండేది కాదు. రత్నగిరి యెక్కేటప్పుడు మాత్రం ఒకమాట చెప్పేను: ఇరుకు ఘాటుదారిలో దిగేవాడు యెక్కేవాడికి దారి ఇవ్వాలని. అది నియమాల్లో ఉన్నదే. దిగేటప్పుడు చెప్పకుండానే పాటించేడు.

తిరిగి వస్తూ ప్రమాదం జరిగితే యేం చేయాలో మాట్లాడుకున్నాం. మనవల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పారిపోకూడదు. దెబ్బతిన్నవారికి వైద్యం అందేలా చూడాలి, ఇరవైనాలుగు గంటలలోగా పోలీసులకు తెలియజేయాలి. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005నుంచి ఉంది. జాతీయ రహదారుల మీద 1033 నెంబరు పనిచేస్తుంది. దారినపోయేవాడు సాయపడితే కేసుల్లో ఇరుక్కుంటాడన్న భయం ఇప్పుడు అక్కరలేదు. మంచి మనసుతో సాయం చేసినవారిని బాధ్యుల్ని చేయరాదనీ, పేరు చెప్పమని బలవంతపెట్టరాదనీ 2019 సవరణలోనే రాసేరు. దెబ్బ తగిలిన మొదటి గంట ఎంత విలువైనదో అదే చట్టంలో ఉంది. ఫొటోలు తీస్తూ నిలబడి ఆ గంటను పోగొట్టేవాళ్ళ చేతిలో మాత్రం యే చట్టమూ లేదు.

మా వీధిలోకి తిరిగే మలుపు దగ్గర మావాడు కారు బాగా నెమ్మది చేసి, ఒక పక్కకు ఆపి, దిగేడు. ఇస్త్రీబండి దగ్గరకు వెళ్ళి ప్రసాదం పొట్లం ఒకటి పెద్దాయన చేతిలో పెట్టేడు. ఏదో మాట్లాడేడు. జేబులోంచి ఆ కార్డు తీసి చూపించేడు. పెద్దాయన కార్డును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేడు. ఆ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు.

కారులో ఉన్న నన్ను చూసి దణ్ణం పెడుతూ, "ఆయ్, ఈసారి తాళం చూసే ఇచ్చేరండి" అన్నాడు.

నేను బదులు చెప్పలేకపోయేను. తిరిగి దణ్ణం పెట్టేను.

మీ ఇంట్లో తాళంచెవి ఎక్కడ తగిలిస్తారో ఒక్కసారి చూసుకోండి. దాన్ని అందుకునే చెయ్యికి వయస్సు వచ్చిందా అన్నది చట్టం చూస్తుంది. అలవాటు వచ్చిందా అన్నది మనం చూడాలి.